ఒక ప్రాంతపు డిజిటల్ సంస్కృతిని తూచే తక్కెడ ఏది?

ఫోనులో పన్నెండు నిమిషాల యానిమేషన్ చిత్రం ఒకటి చూశారనుకోండి. కథ అయిపోయాక వచ్చే పేర్లను చివరిదాకా చదివేవాళ్లు తక్కువ. ఈసారి ఆగి చదవండి. కథ రాసినామె ఒక ప్రాంతంలో ఉంటుంది. పాత్రలకు రూపం ఇచ్చినవాళ్లు ఇంకో నగరంలో ఉంటారు. వాటికి కదలిక ఇచ్చిన ముప్పై మంది మూడో చోట కూర్చుని, షాటుకు ఇంత అన్న లెక్కన పనిచేశారు. సంగీతం ఒకరి ఇంటి గదిలో రికార్డయింది. హక్కులేమో మరో దేశంలో నమోదైన కంపెనీ చేతిలో ఉన్నాయి. మధ్యలో వచ్చిన ప్రకటన తాలూకు డబ్బు ఆ కంపెనీకి కూడా పూర్తిగా చేరదు. చిత్రాన్ని చూపించిన యూట్యూబ్ లాంటి వేదిక ముందుగా తన వాటా తీసుకుంటుంది.

ఈ పన్నెండు నిమిషాలను ఏ ప్రాంతం ఖాతాలో రాయాలి?

ఈ ప్రశ్న తేలకుండానే యానిమేషన్, గేములు, సంగీతం, ఆన్‌లైన్ వీడియో, ఈ-పుస్తకాలు, మ్యూజియం సేకరణల డిజిటల్ రూపాలు అన్నిటినీ ఒక గంపలో వేసి, ‘డిజిటల్ సంస్కృతి పరిశ్రమ’ అని పేరు పెట్టి, ఏ ప్రాంతం ముందుందో ఏది వెనకబడిందో పట్టికలు కడుతున్నారు. ఆ పట్టికలను చూసి నిధులు ఇస్తున్నారు, ఆపేస్తున్నారు. కొలవడం మీద నాకు నమ్మకం ఉంది. అందువల్లే తప్పుగా కొలిస్తే బాధ కలుగుతుంది. పరిశ్రమ ఎంత పెద్దదో చెప్పే అంకె దాని పనితీరును చెప్పదు. చేతిలో ఉన్న మనుషులతో, డబ్బుతో, పాత సంపదతో ఆ ప్రాంతం ఎంత రాబట్టింది, రాబట్టినదానిలో ఎంత అక్కడ నిలిచింది అన్న రెండు ప్రశ్నలూ కలిపి అడిగితేనే పనితీరు తెలుస్తుంది.

గిరి ఎక్కడ గీయాలి

లోపల ఏముంది, బయట ఏముంది అన్నది తేల్చుకోకుండా కొలవబోతే ఎంత పెద్ద గణితమైనా నేల విడిచిన సామే. సంస్కృతి గణాంకాల కోసం యునెస్కో తొలి చట్రాన్ని 1986లో తయారుచేసింది, 2009లో దాన్ని తిరగరాసింది. ఆ రెండో చట్రం సంస్కృతిని ఒక చక్రంగా చూస్తుంది. ముందు సృష్టి, తర్వాత ఉత్పత్తి, పంపిణీ, ప్రదర్శన, చివరికి జనం ఆస్వాదించడం. ఆ ఆస్వాదనలోంచి మళ్లీ కొత్త సృష్టి. డిజిటల్ రంగానికి ఈ చూపు బాగా అతుకుతుంది. ఒక ప్రాంతం చక్రంలో ఏ మెట్టు మీద బలంగా ఉంది, ఏ మెట్టు దగ్గర జారిపోతోంది అని అడిగే వీలు దీనివల్ల వస్తుంది.

గిరి కాస్త పక్కకు జరిగితే అంకెలు ఎలా తారుమారవుతాయో బ్రిటన్ అనుభవం చెబుతుంది. 1998లో అక్కడి ప్రభుత్వం సృజన పరిశ్రమల పటం ఒకటి గీసి, అందులో 13 రంగాలను చేర్చింది. సంగీతం, సినిమా, ప్రచురణ, హస్తకళలు, డిజైన్ వంటివాటితో పాటు సాఫ్ట్‌వేర్ కూడా ఆ జాబితాలో ఉంది. దాంతో మొత్తం ఒక్కసారిగా ఉబ్బింది. వ్యాపార సంస్థల కోసం ప్రోగ్రాములు రాసేవారూ పాట కట్టేవారూ ఒకే వరుసలో నిలబడ్డారు. ఇది సబబేనా అన్న వాదన ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు బాగా ఉన్న నగరం ఏదైనా ఆ గిరి ప్రకారం ‘సంస్కృతి రాజధాని’ అయిపోతుంది. అక్కడ ఒక్క నాటకశాల కూడా లేకపోయినా సరే.

చైనా ఇంకొక దారి పట్టింది. అక్కడి గణాంక సంస్థ 2018 వర్గీకరణలోని సంస్కృతి పరిశ్రమల నుంచి, డిజిటల్ స్వభావం బాగా కనిపించే 16 ఉపవర్గాలను విడిగా చూపిస్తోంది. 2023లో సంస్కృతి సంస్థల మొత్తం రాబడి సుమారు 12.95 లక్షల కోట్ల యువాన్లయితే, ఈ 16 ఉపవర్గాలది సుమారు 5.24 లక్షల కోట్లు, అంటే నూటికి 40 వంతులు. విడిగా చూపడం మంచి పద్ధతి. ఏది పెరిగింది, ఏది తగ్గింది అని స్పష్టంగా కనబడుతుంది. అయితే ఇవి నిర్దేశించిన పరిమాణానికి మించిన సంస్థల లెక్కలు. ఇంట్లో కూర్చుని ఒక్కరే బొమ్మలు గీసి అమ్ముకునేవారు, ఇద్దరు స్నేహితులు కలిసి నడిపే గేము స్టూడియో ఇందులోకి రారు. డిజిటల్ సంస్కృతిలో కొత్తదనం ఎక్కువగా అలాంటి చోటే పుడుతుంది.

మనుషుల లెక్కకు సంబంధించి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘సృజన త్రిశూలం’ అనే పద్ధతిని ముందుకు తెచ్చారు. సృజన సంస్థల్లో సృజన పని చేసేవారు ఒక మొన. అవే సంస్థల్లో లెక్కలు, నిర్వహణ చూసేవారు రెండో మొన. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో కర్మాగారంలోనో ఉంటూ సృజన పని చేసేవారు మూడో మొన. ఈ మూడో మొనను మరిచిపోయే లెక్కలు చాలా ఉన్నాయి. శిక్షణ పొందిన యానిమేటర్లలో సగం మంది ఆసుపత్రుల్లో వైద్య వీడియోలు తయారుచేస్తూ కుదురుకున్న ప్రాంతాన్ని ఊహించుకోండి. సృజన సంస్థల జాబితా మాత్రమే చూసేవారికి అక్కడి శిక్షణ అంతా బూడిదలో పోసిన పన్నీరులా కనిపిస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, గిరి చిన్నదైనా ఫరవాలేదు, స్పష్టంగా ఉండాలి. పదేళ్లపాటు దాన్ని కదపకూడదు. ఏటా గిరి మార్చుకుంటూ పోతే ఎదిగింది పరిశ్రమో, గిరో తెలియదు.

ఏమి పెట్టాం, ఏమి వచ్చింది

పనితీరు అంటే పెట్టినదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న సంబంధం. వినడానికి సులువుగా ఉంటుంది. చేతిలో కాగితం పెట్టుకుని రాయబోతే చిక్కులు మొదలవుతాయి.

పెట్టేవాటిలో మొదటిది మనుషుల శ్రమ. తలలు లెక్కపెట్టి ఊరుకుంటే లాభం లేదు. ఈ రంగంలో చాలా పని కాంట్రాక్టు మీద, నాలుగు నెలలు ఉండి రెండు నెలలు లేకుండా సాగుతుంది. అందుకని పనిచేసిన గంటలను పూర్తికాల ఉద్యోగాల లెక్కలోకి మార్చుకోవాలి. రెండోది పెట్టుబడి, పరికరాలు, ప్రభుత్వ నిధి. మూడోది నెట్ వేగం, సర్వర్లు వంటి వసతి. నాలుగోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. అది పాత సంపద. రికార్డయిన పాటలు, అచ్చయిన కథలు, చిత్రాలు, నాటకాలు, ఫోటోలు, వాటిలో ఎన్ని డిజిటల్ రూపంలోకి వచ్చాయి, ఎన్నిటి హక్కులు ఎవరివో తెలుసు అన్నది. నూరేళ్ల శబ్ద సేకరణ ఉన్న ప్రాంతాన్నీ ఏమీ లేని ప్రాంతాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. సేకరణ ఉండి కూడా వాడుకోని ప్రాంతం పనితీరు, ఆ సేకరణను లెక్కలోకి తీసుకున్న రోజున తక్కువగా తేలుతుంది. తేలాలి కూడా.

వచ్చేవాటి దగ్గర మొదటి తప్పు మొత్తం అమ్మకాలను తీసుకోవడం. స్టూడియో ఒక చిత్రాన్ని పంపిణీదారుకు అమ్ముతుంది. పంపిణీదారు వేదికకు అమ్ముతాడు. వేదిక చందాదారులకు అమ్ముతుంది. మూడు అమ్మకాలనూ కూడితే ఒకే చిత్రాన్ని మూడుసార్లు లెక్కపెట్టినట్టు. అందుకే ఆర్థికవేత్తలు జోడించిన విలువను తీసుకుంటారు. అమ్మిన ధరలోంచి ఇతరుల దగ్గర కొన్న సరుకు, సేవల ఖర్చు తీసేస్తే మిగిలేది అది. జీతాలూ లాభాలూ అందులోంచే వస్తాయి.

జోడించిన విలువ సరైన కొలతే, కానీ ఒక్కటీ చాలదు. 1966లో విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల గురించి ఒక సంగతి పట్టుకున్నారు. నలుగురు వాయించే వాద్యగోష్ఠికి రెండు వందల ఏళ్ల కింద ఎంతమంది, ఎంతసేపు కావలసి వచ్చేదో ఇప్పుడూ అంతే కావాలి. మిగతా రంగాల్లో యంత్రాలు వచ్చి ఉత్పాదకత పెరుగుతుంది, జీతాలు పెరుగుతాయి. వాటితో పాటు కళాకారుల ఖర్చూ పెరుగుతుంది, కానీ వాయించే వేగం పెరగదు. డిజిటల్ వచ్చాక ఈ చిక్కు పోయిందని చాలామంది అనుకుంటారు. సగమే పోయింది. పాటను కోటి మందికి చేర్చడానికి అయ్యే అదనపు ఖర్చు దాదాపు సున్నాకు వచ్చింది. పాట కట్టడానికి పట్టే సమయం మాత్రం మనిషి సమయమే. ఫలితంగా, సృష్టి ఎక్కువగా జరిగే ప్రాంతంలో తలసరి ఉత్పాదకత తక్కువగానూ, పంపిణీ వేదికలు కొలువైన ప్రాంతంలో బ్రహ్మాండంగానూ కనిపిస్తుంది. ఒక ప్రాంతం చెట్టు పెంచింది, ఇంకోటి పండ్లు బండికెత్తింది. బండి వేగాన్ని మాత్రమే కొలిచి, చెట్టు పెంచినవాళ్లు మందకొడిగా ఉన్నారని తీర్పు చెప్పడం ఈ రంగంలో నేను చూసిన తప్పులన్నిటిలో పెద్దది.

ఇక వీక్షణలు, శ్రవణాలు. ఇవి అంకెలుగా సిద్ధంగా దొరుకుతాయి కాబట్టి నివేదికల్లోకి సులువుగా వచ్చేస్తాయి. అసలు ఒక శ్రవణం అంటే ఏమిటి? స్పాటిఫైలో పాటను 30 సెకన్లు వింటే ఒక శ్రవణం కింద లెక్క. 20 నిమిషాల ఆలాపన మొత్తం విన్నా అదే ఒకటి. అంతేకాక 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు ఆ వేదిక రికార్డింగు రాబడిలో వాటా లెక్కించడం లేదు. చిన్న భాషల్లో, చిన్న శ్రోతృ సమూహాల్లో ఉన్న సంగీతానికి ఆ గీత ఎంత ఎత్తున ఉంటుందో ఆలోచించండి. వేదిక తన వ్యాపారం కోసం పెట్టుకున్న నియమం అది. దాన్నే ఒక ప్రాంతపు సంస్కృతికి గీటురాయిగా తీసుకుంటే, వేదిక వ్యాపార నిర్ణయం మన సాంస్కృతిక తీర్పుగా మారిపోతుంది.

సగటుతో కూడా జాగ్రత్త అవసరం. షెర్విన్ రోజెన్ అనే ఆర్థికవేత్త 1981లోనే చెప్పాడు: ఒక్క ప్రదర్శన అందరికీ చేరే మార్కెట్లో ప్రతిభలో గోరంత తేడా ఆదాయంలో కొండంత తేడా అవుతుందని. డిజిటల్ ప్రపంచం ఆ మాటను అక్షరాలా నిజం చేసింది. వంద మంది సృష్టికర్తలున్న ప్రాంతంలో ఒకరి వీడియో ప్రపంచమంతా తిరిగితే సగటు ఆకాశాన్నంటుతుంది. మిగతా 99 మంది బతుకు మారదు. అందరినీ ఆదాయం ప్రకారం వరుసలో నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఎంత సంపాదిస్తున్నారో అడగండి. పరిశ్రమ నిలుస్తుందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది.

నాలుగు ప్రాంతాలు, ఒక గీత

ఇన్ని రకాల వనరులు, ఇన్ని రకాల ఫలితాలు. కొన్నిటికి ధర ఉంది, కొన్నిటికి లేదు. వీటిని కలిపి పోల్చడానికి ఎక్కువగా వాడే పద్ధతి డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్, పొట్టిగా డీఈఏ. దీని పుట్టుక తెలిస్తే ఇది సంస్కృతికి ఎందుకు పనికొస్తుందో అర్థమవుతుంది.

1957లో మైకేల్ ఫారెల్ అనే ఆర్థికవేత్త ఒక ఆలోచన చేశాడు. ఆదర్శ ఉత్పత్తి ఎంత ఉండాలో ఊహించే బదులు, నిజంగా బాగా చేస్తున్నవారిని ఒక గీతతో కలిపి, మిగతావారు ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నారో కొలుద్దాం అన్నాడు. అమెరికా రాష్ట్రాల వ్యవసాయాన్ని ఆ పద్ధతిలో పోల్చాడు. అంటే ప్రాంతాలను పోల్చడం ఈ పద్ధతికి పుట్టుకతోనే ఉంది. 1978లో అబ్రహాం చార్న్స్, విలియం కూపర్, ఎడ్వర్డో రోడ్స్ దాన్ని అనేక వనరులకు, అనేక ఫలితాలకు విస్తరించారు. వాళ్ల ముందున్న సమస్య పేద పిల్లల కోసం నడిచిన ఒక బడి కార్యక్రమం. అక్కడ చదవడం, లెక్కలతో పాటు పిల్లల ఆత్మగౌరవం కూడా ఒక ఫలితం. ఆత్మగౌరవానికి బజారులో ధర ఉండదు. ధర లేని ఫలితాన్ని కూడా తూచగల తక్కెడ కావలసి వచ్చి ఇది పుట్టింది. సంస్కృతికీ అదే అవసరం.

కాగితం మీద చేసి చూద్దాం. నాలుగు ప్రాంతాలు ఉన్నాయనుకుందాం, ప్రతి చోటా సమానంగా 100 మంది పనిచేస్తున్నారు. ఫలితాలు రెండే తీసుకుందాం: జోడించిన విలువ, ఏడాదిలో విడుదలైన కొత్త కృతులు. ‘క’ ప్రాంతంలో విలువ 80, కృతులు 20. ‘ఖ’లో 50, 50. ‘గ’లో 20, 60. ‘ఘ’లో 40, 30. ఈ అంకెలు అర్థం కావడం కోసం నేను వేసుకున్నవే.

విలువను మాత్రమే చూస్తే ‘ఘ’ మూడోది, ‘క’లో సగం పనితనం. కృతులను మాత్రమే చూస్తే ‘క’ కంటే ముందుంది. ఇప్పుడు రెండూ కలిపి చూద్దాం. ‘క’నూ ‘ఖ’నూ కలిపే గీత మీద ఎక్కడ తీసుకున్నా విలువ, కృతులు కూడితే 100 వస్తుంది. ‘ఘ’కు ఆ మొత్తం 70. అంటే తనకున్న 40:30 నిష్పత్తిని చెడగొట్టుకోకుండా, ఉన్న 100 మందితోనే ‘ఘ’ సుమారు 57 విలువ, 43 కృతులు సాధించగలిగి ఉండాలి. ప్రస్తుతం అందులో నూటికి 70 వంతులే సాధిస్తోంది. దాని సామర్థ్యం 0.7.

ఈ లెక్కలో నాకు ఇష్టమైన భాగం మార్కు తర్వాత వస్తుంది. ‘ఘ’ ఎవరిని చూసి నేర్చుకోవాలో కూడా ఇది చెబుతుంది. ఆ 57, 43 బిందువు నాలుగింట మూడు వంతులు ‘ఖ’లా, ఒక వంతు ‘క’లా ఉంటుంది. కాబట్టి ‘ఘ’ అధికారులు అన్నిటికంటే సంపన్నమైన ‘క’ను అనుకరించబోవడం పొరపాటు. వాళ్లు ముందు వెళ్లి చూడవలసిన చోటు ‘ఖ’. ర్యాంకుల పట్టిక ఈ మాట ఎన్నటికీ చెప్పదు.

మరి ‘గ’ సంగతి? విలువ 20 మాత్రమే, అందరికంటే తక్కువ. అయినా డీఈఏ దానికి నూటికి నూరు మార్కులు ఇస్తుంది. కారణం, ఏ ఫలితానికి ఎంత ప్రాధాన్యం అన్న తూకాలను ప్రతి ప్రాంతానికీ తనకు అనుకూలంగా ఎంచుకునే స్వేచ్ఛ ఈ పద్ధతి ఇస్తుంది. ‘గ’ తన బరువంతా కృతుల మీద పెట్టుకుంటుంది. ఇందులో న్యాయం ఉంది, తన దారిలో అది ఉత్తమమే. ప్రమాదమూ ఉంది. అరవై కృతులు చేసి అర్ధాకలితో ఉన్న వంద మందిని చూపించి ‘ఇక్కడ అంతా బాగుంది’ అనే అవకాశం ఇస్తుంది. అందుకే తూకాలకు కనీస, గరిష్ఠ హద్దులు పెట్టాలి. ఆ హద్దులు ఎక్కడ పెట్టాలన్నది గణితం తేల్చదు. కళాకారులు, నిర్మాతలు, ప్రభుత్వం కూర్చుని చర్చించి తేల్చుకోవలసిన విషయం.

ఇతర లోపాలు కూడా ఉన్నాయి, త్వరగా చెబుతాను. ప్రాంతాలు తక్కువై కొలమానాలు ఎక్కువైతే దాదాపు అందరికీ నూరు మార్కులు వచ్చేస్తాయి. వనరులూ ఫలితాలూ కలిపి ఎన్ని ఉంటే కనీసం దానికి మూడు రెట్లు ప్రాంతాలు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. ఒక్క తప్పుడు అంకె గీతనే పైకి లాగేస్తుంది కాబట్టి మిగతా చాలామంది మార్కులు దానివల్ల తగ్గుతాయి. నెట్ సరిగా లేని కొండ ప్రాంతాన్ని మహానగరంతో నేరుగా పోల్చకూడదు. ఇందుకోసం పరిస్థితుల ప్రభావాన్ని విడదీసి మళ్లీ లెక్కించే మూడు అంచెల పద్ధతి 2002లో వచ్చింది. అది వాడని పోలికను నేను పోలికగా లెక్కపెట్టను.

కాలం విషయం మాత్రం తొందరగా దాటవేయలేను. ఒక పెద్ద గేము తయారీకి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ జీతాలు వనరుల వైపు పడుతూనే ఉంటాయి, ఫలితాల వైపు సున్నా. విడుదలైన ఏడాది ఫలితం వరదలా వస్తుంది. ఒక్క ఏడాది ఫోటో తీస్తే నిజాయతీగా పనిచేస్తున్న ప్రాంతం సోమరిలా కనిపిస్తుంది. అందుకే కనీసం ఐదారేళ్ల వరుస కావాలి. ఆ వరుసకు మాల్మ్‌క్విస్ట్ సూచీ వాడతారు. 1953లో స్వీడన్ ఆర్థికవేత్త స్టెన్ మాల్మ్‌క్విస్ట్ చెప్పిన ఆలోచన మీద తర్వాతివాళ్లు కట్టిన సూచీ ఇది. మార్పును రెండుగా విడదీస్తుంది. ప్రాంతం గీతకు దగ్గరైందా అన్నది ఒకటి, గీతే ముందుకు జరిగిందా అన్నది రెండోది. కొత్త సాంకేతికత వచ్చి గీత దూకినప్పుడు, రోజూ మెరుగవుతున్న ప్రాంతం కూడా గీతకు దూరమైనట్టు కనబడవచ్చు. అక్కడివాళ్లు పని మానేయలేదు, లోకం వేగం పెరిగింది. ఈ రెంటికీ మందులు వేరు. ప్రాంతమే వెనకబడి గీతకు దూరమైతే అది నిర్వహణ లోపం, గీత దూకడం వల్ల దూరమైతే సాంకేతికత అందకపోవడం.

వచ్చింది, మరి నిలిచిందా?

ఇంతదాకా చెప్పిన కొలతల్లో ఏదీ అసలు ప్రశ్నలో రెండో సగాన్ని తాకలేదు. యూట్యూబ్‌లో పూర్తి నిడివి వీడియోల మీద వచ్చే ప్రకటన రాబడిలో 55 శాతం సృష్టికర్తకు వెళుతుంది, 45 శాతం వేదిక ఉంచుకుంటుంది. ఆ 55 కూడా హక్కులు ఎవరి పేరున ఉంటే వారికే. హక్కులు అమ్ముకుని కూలి మాత్రమే తీసుకున్న ప్రాంతానికి, వీడియో ఎంత ఆడినా ఆ తర్వాత రూపాయి రాదు.

కెనడాలోని మాంట్రియల్‌ను చూడండి. 1997లో ఫ్రాన్స్ కంపెనీ ఉబిసాఫ్ట్ అక్కడ స్టూడియో తెరిచింది. క్యూబెక్ ప్రభుత్వం గేముల తయారీలో ఇచ్చే జీతాల మీద చాలా ఏళ్లపాటు 37.5 శాతం దాకా పన్ను రాయితీ ఇచ్చింది. ఫలితంగా ఆ నగరం ప్రపంచంలోని పెద్ద గేము కేంద్రాల్లో ఒకటైంది. ఉద్యోగాల కొలతతో చూస్తే ఇది గొప్ప విజయం. రాయితీ జీతాలకు కట్టి ఉంది, కాబట్టి జీతాలు వచ్చాయి. పెద్ద స్టూడియోల్లో తయారైన వాటి హక్కులు మాత్రం చాలావరకు బయటి యజమానుల దగ్గర ఉన్నాయి. దేనికి రాయితీ కడితే అది పెరుగుతుంది, కట్టనిది దానంతట అది పెరగదు.

స్కాట్లాండ్‌లోని డండీది వేరే కథ. 1980ల చివరలో అక్కడ ఒక చిన్న గేము సంస్థ మొలిచింది. 1997లో అబర్టే విశ్వవిద్యాలయం కంప్యూటర్ గేముల మీద డిగ్రీ మొదలుపెట్టింది, ప్రపంచంలో అలాంటివాటిలో అదే మొదటిది. 2010లో నగరంలోని పెద్ద స్టూడియో రియల్‌టైమ్ వరల్డ్స్ దివాలా తీసింది. ఆ ఏడాది అంకెలు చూసినవారు డండీ పని అయిపోయిందనుకుని ఉంటారు. కానీ చదువు చెప్పే చోటు ఉంది, నేర్చిన మనుషులు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లు చిన్న చిన్న స్టూడియోలు పెట్టుకున్నారు, వేరేవాటిలో చేరారు. గేముల పని ఆ నగరంలో ఆగలేదు. సంస్థ కూలినా నైపుణ్యం నిలవడాన్ని ఏ కొలమానం పట్టుకుంటుంది? పదేళ్ల కింద ఇక్కడ పనిచేసినవారిలో ఎంతమంది ఇంకా ఇక్కడ, ఇదే రంగంలో ఉన్నారు అన్న సాదా లెక్క ఒకటి చాలు. దాన్ని ఎవరూ వేయడం లేదన్నది నా ఫిర్యాదు.

కొలిచాక చేయవలసింది

కొలత లోపాన్ని చూపిస్తుంది. లోపం రకాన్ని బట్టి పని ఉండాలి. 1984లో డీఈఏకి వచ్చిన సవరణ వల్ల, తక్కువ మార్కుకు కారణం పని తీరు సరిగా లేకపోవడమా, పరిమాణం చాలకపోవడమా అని విడదీయవచ్చు. పరిమాణమే సమస్య అయితే, స్టూడియోలను బలవంతంగా కలిపేయనక్కరలేదు. ఖరీదైన శబ్ద గది, నటుల కదలికలను నమోదు చేసే వేదిక, రెండరింగుకు, అంటే గీసినదాన్ని తుది దృశ్యంగా మార్చడానికి, శక్తిమంతమైన కంప్యూటర్లు ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. వేదికలతో బేరమాడేటప్పుడు పది చిన్న సంస్థలు ఒక్క గొంతుతో మాట్లాడవచ్చు.

పని తీరే సమస్య అయితే చాలాసార్లు లోటు కళాకారుల దగ్గర ఉండదు. నిర్మాణాన్ని నడిపేవారి దగ్గర ఉంటుంది. గీసేవారికి శిక్షణ సంస్థలు ఎన్నో ఉన్నాయి. షెడ్యూలు వేసి, ఒప్పందం చదివి, దిద్దుబాట్లను ఎక్కడ ఆపాలో తెలిసిన నిర్మాతను తయారుచేసే చోట్లు తక్కువ. అదే షాటును పదిహేనుసార్లు మార్పించే నిర్మాణంలో ఎంత గొప్ప యానిమేటరైనా ఏం చేయగలడు?

కృతులు పుష్కలంగా ఉండి రాబడి లేకపోతే, అంటే ‘గ’ లాంటి ప్రాంతమైతే, చూడవలసింది హక్కులు, అనువాదం, ఉపశీర్షికలు, డబ్బింగ్. ప్రభుత్వ నిధికి ఒకే ఒక్క షరతు పెట్టమంటే నేను ఇది పెడతాను: ప్రజాధనంతో తయారైనదాని హక్కుల్లో కొంత భాగం సృష్టికర్త పేరున ఉండాలి, కొన్నేళ్ల తర్వాత మొత్తం తిరిగి వారికే రావాలి.

ఏ కొలతనైనా లక్ష్యంగా ప్రకటించిన మరుక్షణం అది చెడిపోవడం మొదలవుతుంది. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి ఈ సంగతి గమనించాడు. వీక్షణలకు నిధి కడితే వీక్షణలు కొనే దుకాణాలు తెరుచుకుంటాయి. కృతుల సంఖ్యకు కడితే ఒక పాటను మూడు ముక్కలు చేస్తారు. కృత్రిమ మేధతో రోజుకు వందల పాటలు పుట్టించగలిగే ఈ రోజుల్లో కృతుల సంఖ్య అనే కొలమానం ఒంటరిగా అసలే నిలవదు. నిధి నిర్ణయాలకు వాడే కొలమానాలు, పరిశ్రమను అర్థం చేసుకోవడానికి వాడే కొలమానాలు వేర్వేరుగా ఉంచడం ఒక దారి.

ఒక చిన్న పని గురించి చెప్పాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, అయినా పట్టించుకునేవారు లేరు. వేదికల మీదికి వెళ్లే రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ అనే, అక్షరాలూ అంకెలూ కలిసి 12 ఉండే గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాటను వేదిక మీద పెట్టేటప్పుడు ఆ సంఖ్యతో పాటు రచయిత, స్వరకర్త, వాద్యకారుల పేర్లకు గడులు ఉంటాయి. తొందరలో ఆ గడులు ఖాళీగా వదిలేస్తారు, లేదా గాయకుడి పేరే అన్నిటిలో నింపేస్తారు. ఖాళీ గడికి డబ్బు పంపలేరు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో 20 డిజిటల్ సంగీత సేవలు, ఎవరికి చెందాలో తేలక పేరుకుపోయిన సుమారు 42.4 కోట్ల డాలర్ల పాత రాయల్టీని, అలాంటి డబ్బు వసూలు చేసి పాటల హక్కుదారులకు పంచే అక్కడి మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్‌కు అప్పగించాయి. ఆ డబ్బంతా సంపాదించినదే. యజమాని పేరు దొరకక ఆగిపోయింది.

ఒక ప్రాంతం ఇద్దరు ముగ్గురు ఓపికగల మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి, తన కళాకారుల రికార్డింగులన్నిటికీ ఈ గడులు సరిచేయించవచ్చు. చిత్రాల చివర వచ్చే పేర్లకూ అలాంటి పట్టిక ఒకటి కట్టించవచ్చు: ఎవరు, ఏ పని, ఏ ఊళ్లో ఉండి, ఎన్ని రోజులు. పన్నెండు నిమిషాల చిత్రాన్ని ఏ ఖాతాలో ఎంతెంత రాయాలో అప్పుడు ఊహించే పని ఉండదు. పట్టిక చూసి పంచవచ్చు. షాటు లెక్కన పనిచేసిన ఆ ముప్పై మంది కూడా అందులో ఉంటారు.